ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలు హిస్టరీ క్లాసులో అసలేం నేర్చుకుంటున్నారు?

చిన్నగూడు
అందరికీ నమస్తే. మా అమ్మాయి ఏడో క్లాస్. నిన్న రాత్రి హిస్టరీ టెస్ట్ కోసం చదివిస్తూ కూర్చున్నా. మెసొపొటేమియా, ఈజిప్టు, సింధు నాగరికత మూడూ గడగడా అప్పజెప్పేసింది, ఏ నది ఒడ్డున పుట్టింది, ఏం పండించారు, ఏ దేవుళ్ళని కొలిచారు, అన్నీ. ఊరికే అడిగా, ఇదంతా జరిగి నాలుగైదు వేల ఏళ్ళయింది కదా మనకెలా తెలిసిందే అని. నా మొహంలోకి చూసి కాసేపాగి "పుస్తకంలో ఉంది కదమ్మా" అంది. అప్పట్నుంచి ఆ మాటే నా బుర్రలో తిరుగుతోంది. స్కూల్ మీద కోపం లేదు, వాళ్ళ టీచర్ కష్టపడతారు. కానీ పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య పిల్లలు హిస్టరీలో నేర్చుకోవాల్సింది ఇదేనా? మీ పిల్లలు ఏం చదువుతున్నారు, ఇంట్లో మీరేం చేస్తున్నారు చెప్పండి ప్లీజ్.

వేపచెట్టు
మా వాడు ఎనిమిది. ఆరులో ఆదిమానవుడు, వేట, వ్యవసాయం, తొలి నగరాలు అయ్యాయి, ఏడులో రాజ్యాలు, మతాలు, వర్తక దారులు, ఇప్పుడు సముద్ర ప్రయాణాలు, వలస పాలన, విప్లవాలు. సిలబస్ బాగానే ఉందండీ నాకైతే కంప్లైంట్ లేదు. ఒక్కటి మాత్రం చెప్తా, ఈ టాపిక్ వచ్చిన ప్రతిసారీ తేదీలు బట్టీ పట్టించడం పాపం అన్నట్టు మాట్లాడతారు, నేను ఒప్పుకోను. తేదీ రాకపోతే ఏది ముందో ఏది తర్వాతో తెలీదు, అది తెలీనప్పుడు ఎందుకు జరిగిందో ఎలా తెలుస్తుంది. లెక్కల్లో ఎక్కం లాంటిది తేదీ.

సుద్దముక్క
చిన్నగూడు గారూ, పద్నాలుగేళ్ళుగా ఈ మూడు క్లాసులకే హిస్టరీ చెప్తున్నా, మీ పాప ఇచ్చిన జవాబు ప్రతి ఏడూ కొత్త బ్యాచ్ నుంచి వింటాను. తప్పు పిల్లలది కాదు. పుస్తకంలో వాక్యాలే అలా ఉంటాయి. "మెసొపొటేమియా ప్రజలు వర్తకం చేసేవారు" అని ఉంటుంది, ఎవరు చూశారు, ఎవరు రాశారు, రాసింది మన దాకా ఎలా వచ్చింది, ఏమీ ఉండదు.

అందుకే ఆ పాఠం నేను ఒక ఫిర్యాదుతో మొదలుపెడతా. క్రీ.పూ. 1750 ప్రాంతంలో మెసొపొటేమియాలోని, అంటే ఇప్పటి ఇరాక్ లోని, ఉర్ నగరంలో ఎయా నాసిర్ అని ఒక రాగి వ్యాపారి ఉండేవాడు. నన్ని అనే ఆయన ఇతనికి మట్టి పలక మీద ఉత్తరం రాయించాడు, మంచి రాగి ఇస్తానని చెప్పి పనికిరానిది చూపించావు, నేను పంపిన మనిషిని అవమానించి వెనక్కి పంపావు, నా డబ్బు నాకివ్వు అని. ఆ పలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇది చెప్పగానే మా క్లాసులో ఒకడు "ఎయా నాసిర్ ఇచ్చింది నాసిరకం" అని అరిచాడు, ఇక ఆ పేరు జన్మలో మర్చిపోరు. అప్పుడు అడుగుతా, ఈ ఒక్క ఉత్తరం నుంచి ఆ ఊరి గురించి ఏమేం చెప్పగలం? రాగి బయట నుంచి వచ్చేదని ఒకరు, సరుకు చూడకముందే డబ్బిచ్చేవాళ్ళని ఒకరు, ఉత్తరాలు మోసే మనుషులుండేవాళ్ళని ఇంకొకరు, అలా బోర్డు నిండిపోతుంది. చివర్లో వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి "సార్, ఎయా నాసిర్ ఏమన్నాడో మనకి తెలీదు కదా, నన్ని చెప్పింది అబద్ధమైతే?" అంది. ఆ ప్రశ్న కోసమే నేను ఏడాదంతా పాఠం చెప్పేది.

చిన్నగూడు
సర్ ఇది చదివి ఒళ్ళు పులకరించింది. మరి ఆ మట్టి పలకలు ఇన్నేళ్ళు ఎలా నిలిచాయి సర్, నాన్చితే కరిగిపోవా?

సుద్దముక్క
మంచి ప్రశ్న మేడమ్, ఇది పాపనే అడగండి ముందు. పచ్చి మట్టి అయితే నీళ్ళకి పాడవుతుంది కానీ కాలిస్తే ఇటుకే కదా. క్రీ.పూ. 612లో మెసొపొటేమియాలోనే ఉన్న నినెవే నగరాన్ని శత్రువులు తగలబెట్టారు. అక్కడ అషుర్బనిపాల్ రాజు పోగేసిన పలకల భండారం ఉండేది, ముక్కలతో కలిపి 30,000 పైనే దొరికాయి. నిప్పు పెట్టినవాళ్ళు నాశనం చేద్దామనుకున్నారు, ఆ మంటకే చాలా పలకలు కాలి గట్టిపడి మిగిలాయి. అదే చోట తోలు మీదా చెక్క మీదా రాసుకున్నవి ఉంటే అవి బూడిదే. ఇక్కడ పిల్లలకి తెలియాల్సిన పెద్ద సంగతి ఒకటుంది, మనకి తెలిసిన చరిత్ర జరిగిందంతా కాదు, మిగిలినంత మేరకే. ఆరో క్లాస్ పిల్లలకి కూడా ఇది చక్కగా అర్థమవుతుంది.

నడిరేయి
నేను కాలేజ్ స్టూడెంట్ ని, తమ్ముడు ఆరో క్లాస్. వాడికి హిస్టరీ అంతా వీడియోల్లోంచే వస్తోంది. మొన్న వచ్చి "అన్నా పిరమిడ్లు మనుషులు కట్టలేదంట తెలుసా, వేరే గ్రహం వాళ్ళు కట్టారంట" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నా, తర్వాత బాధేసింది నవ్వకుండా ఉండాల్సింది అని, వాడు నిజంగానే నమ్మి చెప్పాడు. స్కూల్లో పిరమిడ్ కి నాలుగు లైన్లు, వీడియోలో ఇరవై నిమిషాలు, ఏది నిలబడుతుంది చెప్పండి. వాడికి ఎలా చెప్పాలి?

పాతపలక
నాయనా, నేను రిటైర్ అయిన హిస్టరీ మాస్టారిని. కాదు అని వాదిస్తే వాడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. మెరెర్ గురించి చెప్పు. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట ఫ్రెంచ్ పరిశోధకుడు పియెర్ టాలే బృందానికి పాపిరస్ కాగితాలు దొరికాయి, ఇప్పటి దాకా దొరికిన రాసిన పాపిరస్ లలో అన్నిటికన్నా పాతవి అవే. పెద్ద పిరమిడ్ కట్టించుకున్న ఖుఫూ రాజు కాలం నాటివి, అంటే 4,500 ఏళ్ళ కిందటివి. అందులో మెరెర్ అనే మేస్త్రీ తన మనుషులతో ఏ రోజు ఏం చేశాడో రాసుకున్నాడు. తురా గనుల్లో సున్నపురాయి పడవకెక్కించాం, గీజాకి చేర్చాం, ఖాళీ పడవతో తిరిగొచ్చాం, రోజువారీ లెక్క. గీజా పక్కనే పనివాళ్ళు ఉన్న ఇళ్ళు, రొట్టెలు కాల్చిన పొయ్యిలు, వాళ్ళ సమాధులు కూడా తవ్వకాల్లో బయటపడ్డాయి. వాడికి ఇదంతా చెప్పి, "మరి గ్రహాంతరవాసుల డైరీ ఎక్కడుందిరా, వెతుకుదామా ఇద్దరం" అను. నవ్వుతూ కాదు, నిజంగానే కూర్చుని వెతుకు.

మంచుపూలు
ఈజిప్టు పనివాళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా చెల్లెలి కూతురికి హిస్టరీ అంటే పడేది కాదు, రాజులు యుద్ధాలు తప్ప ఏముంది అనేది. దైర్ అల్ మదీనా అనే ఊరి హాజరు పట్టీ చూపించాను, రాజుల సమాధులు చెక్కే పనివాళ్ళ ఊరది, క్రీ.పూ. 1250 ప్రాంతపు రాతిముక్క, ఎవరు ఏ రోజు పనికి రాలేదో కారణంతో సహా రాసి ఉంది. ఒకడికి జబ్బు, ఒకడిని తేలు కుట్టింది, ఒకడు ఇంట్లో బీరు కాస్తున్నాడు, ఒకడు తల్లి శవానికి చేయాల్సినవి చేస్తున్నాడు. ఆ చివరిది చదివి పిల్ల మౌనంగా అయిపోయింది. తర్వాత ఒక వందేళ్ళకి అదే ఊరివాళ్ళు కూలి కింద రావాల్సిన ధాన్యం అందక పని ఆపేసి వెళ్ళి కూర్చున్నారు, మూడో రామ్సెస్ రోజుల్లో, మనకి రాతలో దొరికిన సమ్మెల్లో అదే మొదటిది అంటారు. ఇవి పాఠాల్లో ఎందుకు ఉండవండీ, రాజు పేరు గుర్తుంచుకునే పిల్లలు పనివాడి తేలుకాటు గుర్తుంచుకోలేరా?

వేపచెట్టు
కథలు బాగున్నాయి కాదనను, కానీ కథల వెంట పోతే వరస పోతుంది. మా వాడి సంగతే చెప్తా. 1453లో టర్కులు కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) పట్టుకున్నారు, ఆసియాకి వర్తక దారి మూసుకుపోయింది, అందుకే యూరప్ వాళ్ళు సముద్రం మీద దారి వెతికారు, 1492లో కొలంబస్, 1498లో వాస్కో డ గామా. మూడు తేదీలు, ఒక గొలుసు, చక్కగా వచ్చేసింది వాడికి. ఇప్పుడు దీన్ని పలకలూ పాపిరస్ లూ అంటూ చెప్పాలంటే ఏడాది సరిపోదు.

సుద్దముక్క
సర్, తేదీల విషయంలో నేను మీ పక్షమే, ఇది వాదన కోసం అనడం లేదు. మీరు చెప్పిన గొలుసులోకే ఇంకో రెండు తేదీలు పెట్టి చూడండి. పోర్చుగీసు వాళ్ళు ఆఫ్రికా ఒడ్డున సెయూటా పట్టుకుంది 1415లో. ఆఫ్రికా పడమటి ఒడ్డున బొజడోర్ అగ్రం దాటితే తిరిగి రారు అని నావికులు భయపడేవాళ్ళు, గిల్ ఎయానెస్ అనే పోర్చుగీసు నావికుడు దాన్ని దాటింది 1434లో. అంటే కాన్‌స్టాంటినోపుల్ పడిపోవడానికి చాలా ముందే వాళ్ళు ఆఫ్రికా ఒడ్డు వెంట దక్షిణానికి దిగుతున్నారు. బంగారం కోసం, బానిసల కోసం, మతం కోసం, పేరు కోసం. 1453 వల్ల ఆ వేగం పెరిగి ఉండొచ్చు, కానీ "అందుకే మొదలైంది" అనే మాట తేదీల ముందు నిలబడదు. ఎనిమిదో క్లాస్ పిల్లాడు ఐదు తేదీలు ఒక గీత మీద పెట్టుకుంటే పుస్తకంలో వాక్యాన్ని తనే పరీక్షించగలడు. తేదీ నేర్పేది దానికి.

వేపచెట్టు
ఇది నాకు తెలీదు సర్. సాయంత్రం మా వాడితో కూర్చుని గీత గీయించా. 1415, 1434, 1453, 1492, 1498. రెండు నిమిషాలు చూసి "నాన్నా పుస్తకం తప్పా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచక పూర్తి కథ చెప్పలేదురా అన్నా. కరెక్టేనా?

పాతపలక
చాలా కరెక్టు బాబూ. కానీ కొన్నిసార్లు పూర్తిగా తప్పు కూడా అవుతుంది, అదీ చెప్పాలి వాళ్ళకి. ఆఫ్రికాలో గ్రేట్ జింబాబ్వే అని సున్నం లేకుండా పేర్చిన రాతి గోడల నగరం ఉంది, 11 నుంచి 15వ శతాబ్దం దాకా వెలిగింది. వలస పాలకులు ఇది స్థానిక ఆఫ్రికన్లు కట్టింది కానే కాదు, ఎవరో బయటివాళ్ళు కట్టారు అని చాలాకాలం రాసుకున్నారు. 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్‌ట్రూడ్ కేటన్ థాంప్సన్ అనే ఆవిడ అక్కడ తవ్వి చూసి, కట్టింది ఆఫ్రికన్లే అని తేల్చారు. అయినా పాలించేవాళ్ళకి ఆ మాట రుచించలేదు, ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చే దాకా పాత అబద్ధం తిరుగుతూనే ఉంది. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక దేశానికి ఆ రాతి నగరం పేరే పెట్టుకున్నారు. ఎవరు రాశారు, ఆ రాతతో వాళ్ళకి ఏం లాభం, ఈ రెండూ అడగడం పన్నెండేళ్ళ పిల్లలకి బాగా వస్తుంది, ఇంట్లో అన్నదమ్ముల తగవుల్లో వాళ్ళు రోజూ చేసే పనే అది.

నడిరేయి
మాస్టారూ తమ్ముడికి మెరెర్ గురించి చెప్పా. ఇద్దరం కూర్చుని ఆ పాపిరస్ ఫోటో చూశాం. వాడు అడిగిన మొదటి మాట "ఈయన హోంవర్క్ రోజూ రాసుకునేవాడా" అని. ఇప్పుడు నోట్‌బుక్ లో మెరెర్ లాగా వాడి రోజు రాస్తున్నాడు. గ్రహాంతరవాసుల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వానచినుకు
కొత్త మెంబర్ ని, థ్రెడ్ మొత్తం చదివాను. నాది కాస్త బరువైన ప్రశ్న. మా బాబు పన్నెండేళ్ళు, స్కూల్లో అట్లాంటిక్ బానిస వ్యాపారం పాఠం అయింది. బ్రూక్స్ అనే ఓడ బొమ్మ చూపించారట, మనుషుల్ని పక్కపక్కనే కట్టెల్లా పేర్చిన బొమ్మ. ఆ రాత్రి పడుకోలేదు, లైట్ ఆర్పొద్దన్నాడు. ఈ వయసుకి ఇవి చెప్పాలా? చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టు ఉంటుంది, చెప్తే ఇలా. మా ఇంట్లో పెద్దవాళ్ళు వాడికి ఇవన్నీ ఎందుకు అంటున్నారు.

సుద్దముక్క
చెప్పాలండీ. కానీ ఎలా అన్నదే అంతా. ఆ బొమ్మ 1788లో వచ్చింది, బానిస వ్యాపారం ఆపాలని పోరాడినవాళ్ళు ప్రచురించారు, చూసినవాళ్ళకి నిద్ర పట్టకూడదనే ప్రచురించారు. అంటే మీ బాబు దాన్ని ఎలా చూడాలో సరిగ్గా అలాగే చూశాడు. ఆ మాట వాడికి చెప్పండి, నీకు కలిగిన బాధ అప్పటి జనానికీ కలిగింది, ఆ బాధ వల్లే జనం కదిలారు అని. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది.

నేను క్లాసులో చేయనివి రెండున్నాయి. పిల్లల్ని బానిసల్లా యజమానుల్లా నటించమని అస్సలు అనను, కొందరు చేయిస్తారు, అది ఆ పిల్లలకీ అన్యాయం, ఆ చనిపోయినవాళ్ళకీ అన్యాయం. ఇంకోటి, అంకె చెప్పి వదిలేయను. ఆఫ్రికాలో సుమారు కోటీ ఇరవై ఐదు లక్షల మందిని ఓడలెక్కించారు, అటు అమెరికా ఒడ్డున ప్రాణాలతో దిగింది కోటీ ఏడు లక్షలు, మధ్యలో పోయింది పద్దెనిమిది లక్షల మంది. ఇంత పెద్ద అంకె పిల్లల తలలోకి వెళ్ళదు, వెళ్ళినా వాళ్ళని నిస్సహాయుల్ని చేస్తుంది. దాని పక్కనే ఎదురు తిరిగినవాళ్ళ కథ ఉండాలి. 1791లో కరీబియన్ సముద్రంలోని హైతీలో బానిసలు తిరగబడ్డారు, పదమూడేళ్ళు పోరాడారు, 1804 జనవరి 1న స్వతంత్ర దేశం ప్రకటించుకున్నారు. పాఠం ఓడలో ఆగిపోతే పిల్లాడూ ఆ ఓడలోనే ఉండిపోతాడు, అక్కడి నుంచి హైతీ దాకా తీసుకెళ్ళాలి.

వానచినుకు
చాలా థాంక్స్ అండీ. ఆ బొమ్మ ఎవరు ఎందుకు వేశారో వాడికి స్కూల్లో చెప్పలేదు, లేదా చెప్పినా వాడికి వినపడలేదేమో. రాత్రికి హైతీ గురించి కలిసి చదువుతాం.

పాతపలక
తల్లీ, బాధపడ్డ పిల్లవాడు చరిత్ర సరిగ్గానే చదివాడు. ఇంకొక్కటి. యుద్ధం గురించి చెప్పేటప్పుడు నేను అశోకుడి పదమూడో శిలాశాసనం చదివించేవాణ్ణి. కళింగ యుద్ధంలో లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారు, లక్ష మంది చనిపోయారు, ఇంకా ఎన్నో రెట్లు నశించారు అని గెలిచిన రాజే రాయించుకున్నాడు, పశ్చాత్తాపపడుతున్నాను అన్నాడు. అంతవరకు అన్ని పుస్తకాల్లో ఉంటుంది. కానీ కళింగ నేల మీదే ఉన్న ధౌలి, జౌగడ శాసనాల్లో ఈ పదమూడోది లేదు. అక్కడ దాని బదులు వేరే శాసనాలు చెక్కించాడు, ప్రజలంతా నా బిడ్డలు అని, అధికారులు జనాన్ని ఊరికే హింసించకూడదని. ఎందుకు అక్కడ మాత్రం ఆ మాట చెక్కించలేదు? ప్రతి క్లాసుకీ ఈ ప్రశ్న ఇచ్చేవాణ్ణి. గాయపడినవాళ్ళకి మళ్ళీ గుర్తుచేయడం ఎందుకని అని కొందరు, మళ్ళీ తిరగబడతారని భయం అని కొందరు, సిగ్గు అని ఒకమ్మాయి. ఏ జవాబుకీ టిక్కు పెట్టలేదు, కారణం చెప్పారా లేదా అన్నదానికే మార్కు వేశాను.

వేపచెట్టు
మాస్టారూ, అందరూ ఇలా మార్కులు వేస్తే నాకు తేదీల గొడవే లేదు. పరీక్షలో అడిగేది మాత్రం "యుద్ధం ఎప్పుడు జరిగింది" అనే. ఆ చివర మారకుండా ఈ చివర టీచర్ ఒక్కరు ఎంత మోస్తారు, అది నా దిగులు.

సుద్దముక్క
నిజం సర్. నేను పేపర్లో ఒక్క ప్రశ్న మాత్రం నా ఇష్టానికి పెట్టుకుంటా. ఒక చిన్న ఆధారం ఇచ్చి, దీన్నుంచి తెలిసేది ఒకటి, తెలియనిది ఒకటి రాయమని. మొదటి టెస్టులో సగం మంది ఖాళీగా వదిలేస్తారు. ఏడాది చివరికి "తెలియనిది" అన్న చోట జాగా చాలక మార్జిన్ లో రాస్తారు.

మంచుపూలు
కాలరేఖ చేయాలనుకునేవాళ్ళకి ఒక కొలత. పొడుగు పేపర్ రోల్ తీసుకోండి, వెయ్యేళ్ళకి ఒక మీటరు. రాత పుట్టి 5,000 ఏళ్ళు దాటింది కాబట్టి ఐదు మీటర్ల పైచిలుకు, గదిలో గోడకి సరిపోతుంది. మీ పిల్లల వయసు సెంటీమీటరున్నర కూడా రాదు. తర్వాత అడగండి, మన మానవ జాతి (హోమో సేపియన్స్) పుట్టి సుమారు మూడు లక్షల ఏళ్ళు, ఎంత పేపర్ కావాలి అని. మూడు వందల మీటర్లు. మా పిల్లని ఆ దూరం నడిపించా, నడుస్తూ నడుస్తూ "పెద్దమ్మా ఇంత దారిలో ఎవరూ ఏమీ రాయలేదా" అంది.

చిన్నగూడు
వారం తర్వాత వస్తున్నా, అందరికీ జవాబివ్వలేకపోయా సారీ. సుద్దముక్క సర్ పోస్ట్ చూశాక మా అమ్మాయికి ఒక పని ఇచ్చా. నువ్వు పుట్టిన రోజు ఏం జరిగిందో కనుక్కుని రాయి, కనీసం ముగ్గుర్ని అడుగు అన్నా. అమ్మమ్మ అర్ధరాత్రి పుట్టింది, ఒకటే వాన అంది. వాళ్ళ నాన్న తెల్లవారుతుండగా అన్నారు, వాన మాట గుర్తులేదన్నారు. హాస్పిటల్ కాగితంలో 3.40 అని ఉంది. నన్నడిగితే నాకు టైమే గుర్తులేదు, దాని ఏడుపు మాత్రమే గుర్తుంది. రెండు పేజీలు రాసింది, టైమ్ కి కాగితాన్ని నమ్ముతాను, వానకి అమ్మమ్మని నమ్ముతాను, కాగితం వాన గురించి రాయదు కదా అని.

అది రాసిన మర్నాడు మళ్ళీ హిస్టరీ పుస్తకం తీసింది. సింధు నాగరికత పేజీలో సింధు లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు అని ఒక లైన్. దానికి ముందు పేరాలోనే వాళ్ళు ఏ దేవుళ్ళని కొలిచేవారో ఉంది, నాకు అప్పజెప్పింది అదే. "అమ్మా, రాసింది చదవలేకపోతే దేవుడి పేరు ఎలా తెలిసింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. పెన్సిల్ తో ఆ వాక్యం కింద గీత గీసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది, రేపు మిస్ ని అడుగుతుందట.

సుద్దముక్క
మేడమ్, మొహెంజొదారోలో దొరికిన ఒక ముద్ర ఫోటో ఇచ్చి పంపండి, కొమ్ముల తలపాగాతో కూర్చున్న మనిషి, చుట్టూ ఏనుగు, పులి, ఖడ్గమృగం, గేదె. తవ్వకాలు నడిపించిన జాన్ మార్షల్ అది శివుడి తొలి రూపం అన్నాడు, తర్వాత వచ్చిన చాలామంది పరిశోధకులు ఒప్పుకోలేదు. ముందు ఎవరి మాటా చెప్పకండి. బొమ్మలో తనకి ఏం కనిపిస్తోందో రాసుకోనివ్వండి, ఆ తర్వాత మార్షల్ ఏమన్నాడో చెప్పండి. మిస్ ఏమన్నారో రేపు రాయండి, ఎదురుచూస్తుంటా.